గోరింకగారి గొంతు

నాకు కోపం ఎక్కువ. మా ఆఫీసులో అటెండరు దగ్గర్నుంచి మా ఆయన దాకా అందరూ అనే మాటే అది. కానీ పొద్దున్న లేచింది మొదలు ఫోనెత్తగానే "సార్, నమస్తే సార్" అని వినబడుతుంటే ఎవరికి రాదండీ కోపం? నా పేరు దేవకుమారి. రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. హాల్‌టికెట్లు, టీసీలు, పిల్లల తండ్రుల ఫోన్లు, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. "సార్ కాదండీ, మేడమ్‌ని" అంటే అవతలివాడు నొచ్చుకుని "సారీ సార్" అంటాడు.

మా అమ్మాయి హేమశ్రీకి ఏడాది నిండకముందే నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గడ్డ తీశారు, గొంతూ పోయింది. నరం దెబ్బతిందన్నారు. మెల్లిగా అదే వచ్చేస్తుందన్నారు. వచ్చింది లేదు, చచ్చింది లేదు. జలుబు చేసిన మగమనిషి గదిలో ఎక్కడో మూలనుంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది ఇప్పుడు నా మాట. హేమ డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక దానికి తెలిసిన అమ్మ గొంతు ఇదొక్కటే.

దానికి మాత్రం దేవుడు మైకు మింగించి పంపాడు. ఫోను పట్టుకుని మేడ మీద మాట్లాడితే వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినబడుతుంది. "గొంతు తగ్గించవే బాబూ, తల పగిలిపోతోంది" అని రోజూ మొత్తుకుంటాను. నా మొత్తుకోళ్ళు నాకే సరిగ్గా వినబడవు, ఇంక దానికేం వినబడతాయి!

ఇదంతా ఉన్నదే. పోయిన వేసవిలో వాట్సాప్‌లో మా పాలకొల్లు వాళ్ళ గ్రూపు ఒకటి పెట్టారు, అక్కణ్ణించి వచ్చింది అసలు తంటా. అందరూ నా ఈడువాళ్ళో, నాకంటే కొంచెం చిన్నవాళ్ళో. పొద్దున్న లేస్తే పాత రోజుల గురించి వలపోత. ఒకరోజు ఎవరో అడిగారు, "గోరింకగారు ఎవరికైనా గుర్తున్నారాండీ?" అని. అంతే, సాయంత్రందాకా ఫోను టింగు టింగుమంటూనే ఉంది.

ఆ రోజుల్లో పాలకొల్లులో మా వైపు కేబుల్ కనెక్షన్లన్నీ పల్లంరాజుగారివి. సినిమాలు, పెళ్ళి క్యాసెట్లు, చీరల కొట్ల ప్రకటనలు వేసుకోవడానికి ఆయనకి సొంత ఛానల్ ఉండేది. ఆదివారం పొద్దున్న పిల్లల కోసం అందులో "గోరింకగారి కబుర్లు" అని అరగంట వేసేవారు. గోరింక అంటే ఒక నల్ల మేజోడు. అట్టముక్కకి పసుపు రంగు వేసి ముక్కు, జాకెట్టు గుండీలతో కళ్ళు. నిలబెట్టిన నవారు మంచానికి రెండు జామకొమ్మలు కట్టి, మంచం వెనక నక్కి కూర్చుని పల్లంరాజుగారు ఆ మేజోడుని ఆడించేవారు. ఆయన పక్కనే గోడకి ఆనుకుని, మైకు ఒళ్ళో పెట్టుకుని మాట్లాడేదాన్ని నేను. అప్పుడే డిగ్రీలో చేరాను. కథలు చెప్పేదాన్ని, పొడుపుకథలు వేసేదాన్ని, పళ్ళు తోముకోని పిల్లల మీద పేరుపెట్టి చాడీలు చెప్పేదాన్ని. ఆ పేర్లు వాళ్ళ అమ్మలే కబురు చేసేవారు. ఆఖర్న గోరింక ఒక కొమ్మ మీంచి రెండో కొమ్మ మీదికి దూకి, "నేనెక్కడికీ పోలేదండీ, కొమ్మ మారానంతే! ఆయ్!" అనేది. సోమవారం బడికెళ్ళే ప్రతి పిల్లవాడి నోటా ఆ మాటే.

నా పేరు మాత్రం ఎక్కడా వెయ్యలేదు. "ఆడపిల్ల కేబులాయన మంచం వెనకాల కూర్చుంటోందని ఊరందరికీ టముకు వెయ్యాలా ఏంటి?" అన్నారు మా నాన్నగారు. అందుకని బొమ్మ కింద ఆయన పేరొక్కటే పడేది.

ఇక గ్రూపులో శ్యాంబాబు అనే మహానుభావుడు ఒకడు ఉన్నాడు. వాడు రాశాడు: "ఆ గొంతు పల్లంరాజుగారిదేనండి. మగాడై ఉండి ఆడగొంతు పెట్టి ఎంత ముద్దుగా చెప్పేవారో!" దాని కింద వరసపెట్టి దణ్ణాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ గొంతు నాది" అని కొట్టాను. "అవునా మేడమ్! అయితే ఆ డైలాగు ఒక్కసారి వాయిస్ పెట్టండి" అన్నాడు శ్యాంబాబు. ఉడుకుమోత్తనంతో పెట్టేశాను. పడీ పడీ నవ్వే బొమ్మలు వచ్చాయి. "సూపర్ సార్, గోరింకగారికి జలుబు చేసినట్టుంది" అని ఒకడు.

వాళ్ళని వదిలెయ్యండి. పక్కన కూర్చుని ఇదంతా చూసిన హేమ, "అమ్మా, నిజంగా నువ్వేనా?" అంది.

"నిజంగా" ఏంటే? అబద్ధమాడి నాకేం వస్తుందే? అరిచాననుకున్నాను, గాలి వచ్చింది. అది నా మొహం చూసి "సరేలే అమ్మా, నమ్ముతాన్లే" అని సర్దిచెప్పింది. ఆ సర్దిచెప్పడం ఉంది చూశారూ, శ్యాంబాబు నవ్వుకంటే అదే ఎక్కువ మండింది. నేను కన్న పిల్ల, నా గొంతు ఎలా ఉండేదో తెలియక, నా మీద జాలిపడి నమ్ముతోంది.

మా ఆయన్ని అడిగాను. ఉదయ్‌భాస్కర్‌గారు ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తారు, మాటలు గేటు వాల్వులోంచి వదిలినట్టు వదులుతారు.

"ఏవండీ, పెళ్ళయిన కొత్తలో నా గొంతు ఎలా ఉండేదో దీనికి చెప్పండి."

"బాగుండేది."

"బాగుండేదంటే ఎలా?"

"బాగానే ఉండేది."

వంకాయ కూర గురించి అడిగినా ఆ మాటే చెబుతారు. పోనీ మా పెళ్ళి క్యాసెట్టు చూద్దామా అంటే, అందులో నేను నోరు ఆడిస్తూనే ఉంటాను, వినబడేదేమో సినిమా పాట. వీడియోలవాళ్ళు అప్పట్లో అసలు మాటలన్నీ కొట్టేసి మొదట్నుంచి చివరిదాకా పాటలు వేసి ఇచ్చేవారు. ఏ పెళ్ళి క్యాసెట్టులోనూ మనిషి మాట ఉండదు. నా గొంతు ఈ భూమ్మీద ఎక్కడైనా మిగిలి ఉంటే గోరింకలోనే ఉండాలి. అది హేమకి వినిపించకపోతే నాకు నిద్రపట్టదనుకున్నాను.

తరవాతి ఆదివారం దాన్ని వెంటబెట్టుకుని పాలకొల్లు బస్సెక్కాను. పల్లంరాజుగారు ఇప్పుడు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్నారు. జుట్టంతా పోయింది గానీ మనిషి అలాగే ఉన్నారు. నన్ను చూసి "ఓయ్ దేవీ!" అని పొంగిపోయారు. గొంతు వినగానే ఆ పొంగు దిగిపోయి, "అయ్యో, ఏంటమ్మా ఇలా అయిపోయింది?" అన్నారు. కాఫీ తాగించారు. శ్యాంబాబు సంగతి చెబితే, "నన్నూ అడుగుతుంటారమ్మా, ఆ గొంతు మీదేనా అని" అని నవ్వారు.

"మీరేం చెబుతారు?"

"నవ్వి ఊరుకుంటానమ్మా."

ఊరుకున్నారట! ఆ కాఫీ గ్లాసు ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. పెద్దాయన కదాని తమాయించుకుని, "గోరింక క్యాసెట్లు ఇవ్వండి, వెళ్ళిపోతాం" అన్నాను.

"క్యాసెట్లా? అవెక్కడున్నాయమ్మా, అన్నీ పెళ్ళిళ్ళకి వాడేశాను కదా."

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన పెళ్ళి వీడియోలు కూడా తీసేవారు. కొత్త క్యాసెట్లు కొనడం దండగని, టీవీలో వేసేసిన గోరింకల మీదే పెళ్ళిళ్ళు ఎక్కించి ఇచ్చేవారట. నా మూడేళ్ళ ఆదివారాల మీద జిల్లాలో ఎవరెవరో తాళి కట్టుకున్నారు, తలంబ్రాలు పోసుకున్నారు.

"ఒక్కటీ లేదా అండీ?" అంది హేమ, నా చెయ్యి పట్టుకుని.

ఆయన బుర్ర గోక్కున్నారు. "ఒకటి ఉండాలమ్మా. పెళ్ళి అయిపోయాక కూడా టేపు మిగిలిపోయింది అందులో. అప్పగింతల తరవాత హఠాత్తుగా మన గోరింక వచ్చేసిందని మగపెళ్ళివారు నన్ను నానా మాటలూ అన్నారు. అందుకే మర్చిపోలేదు. చంద్రరావుగారని, కోరుకొండవాళ్ళు. రైతులు."

కోరుకొండ! మా ఇంటినుంచి బస్సులో గంట కూడా పట్టదు. ఇన్నేళ్ళూ పక్కనే ఉందన్నమాట. నంబరు సంపాదించి ఆ రాత్రే ఫోన్ చేశాను. "చెప్పండి సార్" అన్నారు చంద్రరావుగారు. నేను పళ్ళు బిగబట్టి ఫోను హేమకిచ్చాను.

క్యాసెట్టు ఉందన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఇస్తే రాజమహేంద్రవరంలో స్టూడియోలో కాపీ చేయించుకుని మర్నాడే తెచ్చిస్తామని హేమ బతిమాలింది. ఆయన వాళ్ళమ్మగారిని అడిగి చెబుతానన్నారు. అడిగారు. ఇవ్వనన్నారావిడ. పోనీ ఇంటికొచ్చి చూస్తామన్నాం. దానికీ కుదరదన్నారు. ఏటా శ్రావణమాసంలో కొడుకు పెళ్ళిరోజునే ఆ క్యాసెట్టు వేస్తారట, మిగతా రోజుల్లో తియ్యరట. ఆ రోజు వచ్చి అందరితోపాటు కూర్చుని చూడొచ్చట. ఒక పిట్ట బొమ్మ కోసం నేను వాళ్ళింటి పెళ్ళిరోజు దాకా కాచుకోవాలి! ఆ నెలన్నరా నేను ఇంట్లో ఎవరితోనూ సవ్యంగా మాట్లాడలేదు. "గొంతు తగ్గించవే" అన్నది తప్ప హేమతో వేరే మాటలేదు.

ఆ రోజు సెలవు పెట్టి, స్వీట్లు కొనుక్కుని వెళ్ళాం. చంద్రరావుగారి భార్య సాయిదుర్గ కొత్త చీర కట్టుకుని ఎదురొచ్చింది. గదిలో పాత టీవీ, దానికింద కుట్లు వేసిన గుడ్డ కప్పిన వీసీఆరు. ఆ వీసీఆరుని బాగుచేయించడానికి చంద్రరావుగారు ఏటా ఎక్కడెక్కడికో తిరుగుతారట. వాళ్ళమ్మ అచ్చాయమ్మగారు టీవీకి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, సినిమా హాల్లో మొదటి వరసలో కూర్చున్నట్టు.

క్యాసెట్టు వేశారు. సన్నాయి మొదలైంది. పందిరి రాట, పెళ్ళికొడుకుని చేయడం, వంటల దగ్గర గాడిపొయ్యి. ఎవరెవరో కెమెరా కేసి చూస్తూ నిలబడిపోయిన వాళ్ళు. పావుగంట ఓపిక పట్టాను. హేమ నా మోకాలు ఊగడం చూసి, లేచి వీసీఆరు దగ్గరికి వెళ్ళి, "కొంచెం ముందుకి జరపనా మామ్మగారూ?" అంది.

"ఒద్దమ్మా. ఆయన్ని పరిగెత్తించకు" అన్నారు అచ్చాయమ్మగారు.

ఎవరినో నాకు అర్థం కాలేదు. సాయిదుర్గ మెల్లిగా చెప్పింది. ఆ పెళ్ళయిన ఏడాదికే మామగారు పోయారట. ఆయన నడుస్తూ కనిపించేది ఈ క్యాసెట్టులో మాత్రమే. ముందుకి తిప్పితే ఆయన గబగబా, తైతక్కలాడుతున్నట్టు పరిగెడతాడని ఆవిడ బాధ. "జన్మలో పరిగెత్తి ఎరగడమ్మా ఆయన. గేదె తప్పిపోయినా నడిచే వెళ్ళేవాడు" అన్నారావిడ, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. తెర మీద ఉత్తరీయం సర్దుకుంటూ, నిదానంగా, పందిట్లోకి నడిచొస్తున్నాడు పెద్దమనిషి. ఆవిడ మొహం చూశాక ఇంకేం అనగలను? కూర్చున్నాను. కోపం మాత్రం నాతోపాటే కూర్చుంది.

మూడు గంటలండీ. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, ఐదు బంతుల భోజనాలు, ప్రతి బంతిలో ప్రతి విస్తరి. మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక, ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి కాకుండా కొంచెం వెనక్కి తిప్పించారు అచ్చాయమ్మగారు, ఆయన వడ్డన దగ్గర నడిచే ముక్క పోయిందని. హేమ నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. నేను ఎన్నిసార్లు పళ్ళు నూరానో ఆ కోరుకొండ నరసింహస్వామికే తెలుసు.

అప్పగింతలు వచ్చాయి. తెర మీద పాతికేళ్ళ కిందటి సాయిదుర్గ, సన్నగా, ముక్కు ఎర్రగా, వెక్కివెక్కి ఏడుస్తోంది. కారు కదిలింది. తెరంతా చీమలు పాకాయి. నేను ముందుకి జరిగాను.

వచ్చారు మా గోరింకగారు! నల్ల మేజోడు, పసుపు ముక్కు, ఒక కన్ను కొంచెం కిందికి జారి. జామకొమ్మ మీద అటూ ఇటూ ఊగుతూ, నోరు తెరిచి మూస్తూ, తెరిచి మూస్తూ...

సన్నాయి.

ముక్కు ఆడుతోంది. వినబడేది మాత్రం సన్నాయీ, డోలూ.

"ఇదేంటి? దీని మాటేది?" అన్నాను.

"మాట తీయించేశామండీ" అంది సాయిదుర్గ, నొచ్చుకుంటూ. "నేనక్కడ ఏడుస్తూ కారెక్కుతుంటే, వెంటనే ఈ పిట్టొచ్చి ఇకఇకలు పకపకలు. మావయ్యగారికి కోపమొచ్చి, ఆ గోల తీసి సన్నాయి వెయ్యమని వెనక్కి పంపించారండీ."

గోల! పల్లంరాజుగారికి ఇంకో క్యాసెట్టు కొనడానికి చేతులు రాక, బొమ్మని అలాగే ఉంచి దాని మీద సన్నాయి పరిచి ఇచ్చారన్నమాట. ఆ సంగతి నాకు చెప్పడానికీ నోరు రాలేదు. నెలన్నర కాచుకున్నాను, మూడు గంటలు ఊరుకున్నాను, ఆఖరికి నా నోట్లో సన్నాయి కుక్కి చూపిస్తున్నారు. ఏడుపొచ్చేసింది. నలుగురిలో ఏడవడం నాకు అసహ్యం, అయినా వచ్చేసింది. "పదవే, పోదాం" అని లేచాను.

హేమ లేవలేదు. "ఉండమ్మా, బొమ్మయినా చూడనీ" అంది. గోరింక పొడుపుకథ వేస్తోంది కాబోలు, తల పక్కకి వాల్చి ఆగింది. తరవాత ముక్కు ఊపింది. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను, వీపు టీవీ వైపు పెట్టి.

సన్నాయి టక్కున ఆగిపోయింది. పాట టేపు అయిపోయినట్టుంది, గోరింక ఇంకా ఉంది.

"నేనెక్కడికీ పోలేదండీ, కొమ్మ మారానంతే! ఆయ్!"

గదిలో గొంతు ఖంగుమంది. నేను విసుక్కుంటూ వెనక్కి తిరిగాను. "గొంతు తగ్గించవే, పరాయి ఇంట్లో..." అన్నాను హేమతో.

హేమ నోరు మూసుకునే ఉంది. నన్నే చూస్తోంది. అచ్చాయమ్మగారు మొదటిసారి టీవీ మీంచి చూపు తిప్పి, దాని మొహంలోకి చూశారు.

"నువ్వు మాట్లాడావేంటమ్మా?" అన్నారు.

"నేను కాదు మామ్మగారూ" అంది హేమ. ఆ మాటతో అందరికీ తెలిసిపోయింది. అదే విరుపు, అదే సాగదీయడం, ఆఖరి అక్షరం మీద అదే చిన్న ఎత్తు. తెర మీద చీమలు పాకుతున్నాయి. చంద్రరావుగారు లేచి వెనక్కి తిప్పారు, అచ్చాయమ్మగారు వద్దనలేదు. మళ్ళీ విన్నాం. హేమ గోరింకతోపాటు మెల్లిగా అనబోయి, సగంలో ఆపేసి నా దగ్గరికొచ్చి నడుం పట్టుకుంది. "నువ్వేనే అమ్మా" అంది. ఈసారి "నిజంగా" అనలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను. "ఏవండీ, హేమ గొంతు అచ్చం నా పాత గొంతేనండీ!"

"అవును" అన్నారాయన.

"అవునంటే? మీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటి? అది మాట్లాడటం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అంతేగా. నీకు తెలుసనుకున్నాను."

"మరి నా గొంతు ఎలా ఉండేదండీ అని అన్నిసార్లు అడిగితే..."

"బాగుండేదన్నానుగా!"

ఫోను పెట్టేశాను. ఈయనతో నేనెలా వేగానో, ఎలా వేగుతానో. ఇరవయ్యేళ్ళుగా మా ఇంట్లో, మేడ మీద, వంటింటి గుమ్మంలో, బాత్రూం తలుపు వెనక వాగుతూనే ఉంది నా గొంతు. రోజూ నోరు ముయ్యమని తిడుతూ వచ్చాను.

పక్కన హేమ అప్పటికే స్నేహితురాలికి ఫోన్ చేసి కథంతా చెప్పడం మొదలుపెట్టింది. పందిరి రాట దగ్గర్నుంచి. గోరింకలా చేసి చూపిస్తోంది. బస్సు బస్సంతా వింటోంది. ముందు సీట్లో పెద్దాయన ఒకాయన కాసేపు ఓర్చుకుని, తల తిప్పకుండానే, "అమ్మాయ్, కొంచెం మెల్లిగా మాట్లాడమ్మా" అన్నాడు.

హేమ అలవాటు కొద్దీ నా వైపు చూసి గొంతు తగ్గించబోయింది.

"మాట్లాడనివ్వండి దాన్ని!" అన్నాను, ఉన్న గాలంతా కూడదీసుకుని.

ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. "సరే సార్" అన్నాడు.